ఈకతో ఎత్తిన ఏడో సాంపిల్

రామలక్ష్మమ్మ చేతులంటే నాకు కడుపుమంట. ఉన్నమాట చెబుతున్నాను. నేను ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ తెచ్చుకుని, పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని. ఆవిడ ఎస్సెస్సెల్సీ తప్పి, జంగమకోటెలో ఇరవై ఏళ్లు పట్టుపురుగులు మేపి, భర్త పోయాక చింతామణిలోని మా ల్యాబులో సీసాలు కడిగే పనికి కుదిరిన మనిషి. మొదటి బస్సుకే వస్తుంది. సీసాలన్నీ ఆసిడ్ నీళ్లలో నానబెడుతుంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. అయినా మా గైడు మంజునాథ సార్ వస్తూనే ముందు పలకరించేది ఆవిడనే.

పట్టుపురుగు పేగులో కాపురముండే సూక్ష్మజీవులు జింకును ఎక్కడ దాచుకుంటాయో చూడటం నా పరిశోధన. దానికి ఎక్స్‌రే మైక్రోస్కోపు కావాలి. ఎక్స్‌రే తగిలితే ఒక్కో లోహం తనదైన కిరణాన్ని తిరిగి విసురుతుంది. దాన్నిబట్టి ఏ కణంలో ఏ లోహం ఉందో బొమ్మ తయారవుతుంది. ఉత్తరాదిలో ఒక కేంద్రంలో ఆ యంత్రం మీద రెండు రోజుల కోసం ఏడాది ఎదురుచూశాను. ఆ రెండు రోజులూ వృథా అయితే నా పీహెచ్‌డీ అంతటితో సరి.

పేగు ముక్కను తడి ఆరకముందే పల్చటి ప్లాస్టిక్ పొర మీద ముడత లేకుండా పరవాలి. ఇనుము తగలకూడదు. ప్లాస్టిక్ పట్టకారుతో ఎత్తబోతే నాకు జారిపోయేది. చూసి చూసి రామలక్ష్మమ్మ ఒకరోజు ఆసిడ్‌లో కడిగి ఆరబెట్టిన కోడి ఈక పట్టుకొచ్చింది.

“అప్పుడే పుట్టిన పురుగుల్ని మా ఇండ్లలో ఈకతోనే ఎత్తేది వినుతమ్మా. చెయ్యి తగిలితే నలిగిపోతాయి,” అంటూ ఒక ముక్కను ఎత్తి పరిచేసింది. ఒక్క ముడత లేదు.

సార్ “భేష్” అన్నారు. మూడేళ్లలో నన్ను ఒక్కసారీ అలా అనలేదు.

“ఇది నీ పని కాదమ్మా. పోయి సీసాలు చూసుకో,” అన్నాను సార్ వెళ్లగానే. ఆవిడ ఈకను పక్కన పెట్టి సింకు దగ్గరికి వెళ్లిపోయింది. పంతం కొద్దీ మిగతా ఆరు సాంపిళ్లూ స్టీలు పట్టకారుతో నేనే చేశాను. కొస తగిలితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆవిడ చేసినదానికి ఏడో నంబరు వేసి పెట్టె అడుగున తోసేశాను.

యంత్రం దగ్గర నా ఆరింటిలోనూ ఇనుము, క్రోమియం తప్ప ఏమీ కనబడలేదు. అవి నా పట్టకారు గీతలు. రెండో రోజు వేరే దారి లేక ఏడోది పెట్టాను. మసకగా పేగు కణాలు, వాటి అంచున సూక్ష్మజీవుల్లో చుక్కలు చుక్కలుగా జింకు. ఏడాది కలగన్న బొమ్మ అది. సంతోషం రాలేదు, అసూయతో ఏడుపొచ్చింది.

తిరిగొచ్చాక సార్ ఆ బొమ్మను కంప్యూటర్‌లో చూసి, “ఇది రామలక్ష్మమ్మ చేసిండేదేనా?” అని అడిగారు.

“కాదు సార్. ఆమెది దారిలో చిరిగిపోయె. ఇది నేను చేసింది.”

సింకు దగ్గర రామలక్ష్మమ్మ అంతా విన్నది. సార్ వెళ్లాక చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“నాదే తప్పమ్మా. తొందరపడి సరిగ్గా పరిచినట్టు లేదు,” అంది. ఆవిడ చేతిలో అప్పుడే కడిగిన కొత్త ఈక ఉంది. “నీ మాదిరి పరిచేది నాకూ నేర్పిస్తావా?”

నేర్పిస్తానన్నాను.