ఆరు టిక్కులు

ఆత్మకూరు సభలో మా పెద్దమ్మ గొంతు పగిలిపోయింది ఆ రోజు వాయించినతని వల్ల కాదు, నా వల్ల. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డైరీలో కూడా "సభకు జనం బాగా వచ్చారు, ఎండ ఎక్కువ" అని రెండు ముక్కలు రాసి మూసేశాను. పదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. దాని దగ్గర కూడా దాచిపెట్టడం అదే మొదలు.

మాది ఉదయగిరి పక్కన పల్లె. పొద్దున్నే బస్సెక్కి ఆత్మకూరు వెళ్లి, బస్టాండు దగ్గర ఒక జిరాక్సు షాపులో టైపింగు పని చేస్తాను. అర్జీలు, అఫిడవిట్లు, పెళ్లి పత్రికలు. చూసుకోకుండానే నా చేతులు పరిగెత్తుతాయి. ఆదివారం మా చర్చిలో ఇంకో కీబోర్డు ముందు కూర్చుంటాను. అది మొదలై పన్నెండేళ్లయింది. రెంటినీ కీబోర్డనే అంటారు కాబట్టి ఊళ్లో నాకు ఎప్పుడూ ఒకటే మెచ్చుకోలు: "ఆ పిల్లకు కీబోర్డంటే నీళ్లు తాగినట్టే." ఒకదాని విషయంలో అది నిజమే.

రెండోదాని సంగతి చెబుతాను. నేను ఏడో తరగతిలో ఉండగా, అప్పటిదాకా చర్చిలో వాయించే అన్నకు నెల్లూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్లే ముందు ఒక సాయంత్రం నన్ను కూర్చోబెట్టి తెల్ల మెట్ల మీద సరిగమలు చూపించాడు.

"మరి నల్లవి?" అన్నాను.

"అవి తర్వాత నేర్చుకుందువులే పాపా. పాట పైకి కావాలంటే ఈ బటన్ నొక్కు. ఒక్కో నొక్కుకీ అర మెట్టు పైకి పోతాది. నువ్వు తెల్లవాటి మీదనే వాయించుకో, అదే పైన పలకతాది."

ఆ 'తర్వాత' రాలేదు. పాటల పుస్తకంలో సగానికి పైగా వాయిస్తాను, అన్నీ ఆ తెల్ల మెట్ల మీదే. పన్నెండేళ్లలో ఒక్క నల్ల మెట్టును కూడా కావాలని ముట్టుకోలేదు. అందరూ మెట్లెక్కుతారు, నేను మాత్రం కూర్చున్నచోటే కూర్చుని మెట్లను పైకి జరుపుకున్నాను అని ఒకసారి డైరీలో రాసుకున్నాను. ఎవరైనా "మా పాపకు నేర్పించమ్మా" అని అడిగితే టైము లేదంటాను. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడనని తెలుసు కాబట్టి వాళ్లు మళ్లీ అడగరు. బిడియం నాకు అలా చాలాసార్లు పనికొచ్చింది.

పెద్దమ్మ అంటే మా నాయన పెద్దన్న భార్య. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసి దిగిపోయింది. షుగరు వల్ల చూపు పోయింది. చర్చిలో ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద, నా కీబోర్డు స్టాండుకు మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చునేది. పాట ఎత్తేది ఆమే. ఆమె శ్రుతి నాలుగున్నర. తెల్ల మెట్లకు ఒకటి నుంచి ఏడు దాకా అంకెలుంటాయి, మధ్యలో నల్లవాటికి అరలు; మూడుకీ నాలుగుకీ నడుమ మాత్రం నల్లది ఉండదు. నాలుగుకీ అయిదుకీ నడుమనున్న ఆ నల్ల మెట్టు మీద నుంచి పెద్దమ్మను పాస్టరుగారు కూడా కదిలించలేరు. నా లెక్కలో మాత్రం ఆమె ఆరు. ఒకటి దగ్గర మొదలుపెట్టి బటన్ ఆరుసార్లు నొక్కితే ఆమె దగ్గరికి చేరతాను. ప్రార్థన అయ్యాక అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు టిక్కు, టిక్కు, టిక్కు. ఆరోది కాగానే ఆమె పాట ఎత్తేది. అది అలవాటు కొద్దీ కుదిరిందనుకునేదాన్ని.

పోయిన ఏడాది ఆత్మకూరులో చుట్టుపక్కల చర్చి సంఘాలన్నీ కలిసి సభ పెట్టాయి. పెద్ద షామియానా, పెద్ద స్పీకరు బాక్సులు, నెల్లూరు నుంచి పిలిపించిన వాయించేవాళ్లు. మా సంఘం తరఫున పెద్దమ్మ పాడాలి, ప్రతి ఆదివారం ఎత్తే పాటే, మా ఊళ్లో 'ఆమె పాట' అంటారు దాన్ని. చెయ్యి పట్టుకుని స్టేజి మీదికి తీసుకువెళ్లింది నేనే. కీబోర్డు దగ్గరున్నతను వంగి నన్ను అడిగాడు.

"అమ్మగారిది ఎన్నో శ్రుతి, సిస్టర్?"

"ఆరు" అన్నాను.

"ఆరా? ఈ వయసులోనా? గట్టి మనిషే అయితే!" అని నవ్వి వాయించాడు.

మొదటి స్వరం బాక్సుల్లో నుంచి రాగానే నా తప్పు తెలిసింది. నావి నొక్కులు, అతనివి శ్రుతులు. శ్రుతుల్లో ఆరంటే ఆమె గొంతుకు చాలా పైన. అతని భుజం తట్టి చెప్పడానికి రెండడుగులు వేస్తే చాలు. అంతమంది చూస్తున్నారు. వెయ్యలేదు. పెద్దమ్మ ఒక్క క్షణం తటపటాయించింది, తర్వాత ఆ శ్రుతినే అందుకుంది. ఒక చరణం లాక్కొచ్చింది. రెండో చరణంలో పైకి వెళ్లేచోట గొంతు కొత్తగుడ్డ చింపినట్టు చీలింది. ఆగిపోయింది. జనం జాలిగా చప్పట్లు కొట్టారు.

తిరుగు బస్సులో, అనుమసముద్రంపేట దగ్గర దర్గాకు వచ్చినవాళ్లు ఎక్కుతుంటే, మా సంఘంలో ఒకామె వెనక సీటు నుంచి అడిగింది. "ఏందక్కా, ఈరోజు అంత పైకి ఎత్తినావు?"

"నేనెత్తలేదమ్మా. ఆ పిలగోడికి చెవుల్లేవు. మా పాప అయితే ఇట్టా చేస్తుందా?" అని పెద్దమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఆమె గొంతు మళ్లీ సర్దుకుంది గానీ, రెండో చరణంలో ఆ చోటికి వచ్చినప్పుడు కొంచెం ఆగి దాటడం మొదలుపెట్టింది. వాగు దాటేవాళ్లు రాయి చూసుకుని కాలు పెట్టినట్టు. ఎవరూ గమనించలేదు. నేను ప్రతి ఆదివారం గమనించాను.

కొన్నాళ్లకు మా ఊళ్లో ఒక పెద్దాయన పోయాడు. భూస్థాపనకు నా కీబోర్డునీ, బాక్సునీ, బ్యాటరీనీ ట్రక్కు ఆటోలో పెట్టుకుని సమాధుల తోటకు వెళ్లాం. పాట సగంలో బ్యాటరీ అయిపోయింది. కీబోర్డు మూలిగినట్టు ఒక చప్పుడు చేసి ఆగింది. పెద్దమ్మ ఆగకుండా మిగతా పాట పూర్తి చేసింది. ఇంటికి వచ్చే దారిలో నా చెయ్యి పట్టుకుని నడుస్తూ అంది.

"నన్ను మటుకు ఈ బాక్సులతో తీసకపోవద్దు పాపా. చర్చిలో పాత హార్మోనియం పెట్టె ఉండాది గదా, అది తీసుకురా. నా పాట వాయించు. నా శ్రుతిలో. నీకు తెలుసు గదా నా శ్రుతి, ఇన్నేళ్ల నుంచీ వాయిస్తా ఉండావు."

"సరే పెద్దమ్మా" అన్నాను.

"మాటిచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే."

హార్మోనియానికి బటన్ ఉండదు. నాలుగున్నరలో వాయించాలంటే అయిదు నల్ల మెట్లూ కావాలి, తెల్లవి రెండే. ఇది ఆ దారిలోనే, ఆమె చెయ్యి నా చేతిలో ఉండగానే గుర్తొచ్చింది. చెప్పలేదు.

ఆ పెట్టె చర్చి వెనక గదిలో, విరిగిన బెంచీల మధ్య ఉండేది. నల్ల మెట్లలో ఒకటి ఎప్పుడో ఊడిపోతే, ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కే ఆయన ఒక ముక్క చెక్కి అతికించాడట. అందుకని నల్లవాటి మధ్య అదొక్కటి లేత రంగులో ఉంటుంది, నునుపుగా, స్పూను వెనకవైపులా. శనివారం షాపు నుంచి త్వరగా వచ్చి, తలుపు దగ్గరికి వేసుకుని, ఎడమచేత్తో గాలి తిత్తి కొడుతూ వాయించేదాన్ని. మొదటి వరుస వచ్చేది. రెండో వరుసలో వేళ్లు జారి తెల్లవాటి మీద పడేవి. అవి తప్పుగా పడేవి కావు, వాటికి తెలిసిన చోట పడేవి. అందుకే ఎక్కువ బాధ. ఏమీ రానివాళ్లు మొదటి నుంచి మొదలుపెడతారు. నాకు పన్నెండేళ్లుగా వచ్చినదే అడ్డం పడుతోంది. ఆత్మకూరు లైబ్రరీలో సంగీతం పుస్తకం ఒకటి దొరికితే తెచ్చుకుని, వేళ్ల బొమ్మలు డైరీలోకి ఎక్కించుకున్నాను. బొమ్మలు బాగా వచ్చాయి.

నాలుగు నెలలు గడిచాయి. పెద్దమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. నెల్లూరు ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కబురు పంపింది, పెట్టె తీసుకుని రమ్మని. నాయనా నేనూ చెరోవైపు పట్టుకుని తీసుకెళ్లాం. నాయన పెట్టె దించి, మళ్లీ వస్తానని వెళ్లాడు. మంచం పక్కన చాప వేసుకుని కూర్చున్నాను. ఆమె ముఖం ఉబ్బింది, చేతులు సన్నబడ్డాయి.

"తెచ్చినావా?"

"తెచ్చినాను పెద్దమ్మా."

"వాయించు మరి, ఎట్టుంటదో విని పోతాను."

నాలుగున్నర మీద వేలు పెట్టాను. మొదటి వరుస వచ్చింది. ఆమె తల మెల్లగా ఊగింది. రెండో వరుసలో వేళ్లు జారాయి. మళ్లీ మొదలుపెట్టాను, అక్కడే జారాయి. మూడోసారి ఆ లేత రంగు మెట్టు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాను. తిత్తిలో గాలి అయిపోయేదాకా ఆ ఒక్క స్వరమే మోగింది.

"పెద్దమ్మా, ఇది నాకు రాదు" అన్నాను.

"ఏది రాదు?"

"నల్లవి. ఎప్పుడూ రాలేదు."

ఆమె మంచం మీద నుంచి చెయ్యి చాచి పెట్టె మెట్లను తడిమింది. తర్వాత, "ఆ టిక్కు టిక్కులు దీనికి లేవు గదా" అంది.

తిత్తి మూసి ఆమె వైపు చూశాను.

"ఏందిమే అట్టా ఉండిపోయినావు? కళ్లు పోయినాయి గానీ చెవులు పోయినాయా నాకు? నా మోకాలి కాడ కూర్చోని కొడతా ఉంటివి. ఆరు లెక్కబెట్టుకోని పాట ఎత్తతా ఉంటిని. ఒక ఈస్టరుకి అయిదు కొట్టి ఆపినావు, గిల్లినాను, గుర్తుండాదా?"

గుర్తుంది. నా చున్నీ తన మీద పడిందని గిల్లిందనుకుని సరిచేసుకున్నాను. తర్వాత ఎందుకో చూస్తే కీబోర్డు మీది అంకె అయిదు దగ్గర ఉంది. ఇంకోసారి నొక్కాను.

"ఆత్మకూరులో కూడా ఆరనే చెప్పింటావు ఆ పిలగోడికి" అంది.

ఎవరికీ చెప్పని మాట అది. నేను చెప్పకముందే ఆమె చెప్పేసింది. ఎప్పటి నుంచి తెలుసో అడగడానికి ధైర్యం చాల్లేదు.

"మరి బస్సులో అతన్ని తిట్టినావే?" అన్నాను చివరికి.

"నిన్ను తిట్టమంటావా, అంతమంది ముందర? ఏడిచి సచ్చేదానివి. వాడేమన్నా మళ్లీ కనపడేదుండాదా, వాణ్ణి తిడితే ఏం పోయిందిలే." నవ్వబోయి దగ్గింది. నీళ్లు తాగించాను. "సరే, నీకు ఎట్టొస్తే అట్టా వాయించు, ఇందాం."

తెల్ల మెట్ల మీద, ఒకటో శ్రుతిలో వాయించాను. తడబడకుండా వచ్చింది. ఆమె పాడాలని చూసింది. గొంతు అంత కిందికి దిగలేదు. రెండు వరుసలు పాడి, "అబ్బ, బాయిలోకి దిగినట్టుండాది" అని ఆపేసి, పెదవులు మాత్రం కదిలిస్తూ విన్నది. రెండో చరణంలో ఆ చోటికి వచ్చినప్పుడు పెదవులు కొంచెం ఆగి దాటాయి.

నాయన వచ్చాడు. పెట్టె మూశాం.

పదకొండు రోజులకు ఆమె పోయింది. సమాధుల తోటలో ఒక బెంచీ వేసి, దాని మీద హార్మోనియం పెట్టారు. నేను ఒకటో శ్రుతిలో వాయించాను. ఆడవాళ్లకు పాట అందలేదు, చాలామంది మధ్యలో ఆపేశారు. ఎప్పుడూ ఆ పాటలో వినపడని మగవాళ్ల గొంతులు ఆ రోజు వినపడ్డాయి. మా నాయన గొంతు కూడా. అయిపోయాక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. "ఏంది పాపా, ఆమె పాటని అంత కింద పెట్టినావు? ఆమె శ్రుతి నీకు తెలవదా?" అని నిష్ఠూరంగా అన్నారు. తల వంచుకుని నిలబడ్డాను. తెలుసు అని కూడా అనలేదు.

ఇప్పుడు పాట ఎత్తే ఆమె శ్రుతి నాలుగు. అయిదు టిక్కులు. చర్చిలో అవి ఇప్పుడు నాకు చాలా గట్టిగా వినపడుతున్నాయి. శనివారాలు వెనక గదిలో కూర్చుంటూనే ఉన్నాను. రెండో వరుస దాటాను, మూడోది రాలేదు. వస్తుందో లేదో తెలియదు.

ఆ ఆడవాళ్లకు చెప్పని జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ ఆదివారం నాయన పెట్టె ఒకవైపు ఎత్తి నా కోసం ఆగితే, నేను గడప దగ్గర నుంచి వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, నీ శ్రుతిలో వాయిస్తానని మాటిచ్చినాను గదా" అన్నాను. ఆమె నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"నన్ను తీసకపోయే రోజు పాడేది నేను కాదు గదమే. నీకొచ్చిన దాంట్లోనే వాయించు."