భోజనం వేళకి ఆగిపోయే లాప్‌టాప్

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వొస్తుంది. మూసాపేటలో మా అమ్మ నా బండికి నిమ్మకాయ కడితే మర్నాడే తీసి పారేసే రకం నేను. పైగా నా ఉద్యోగం కంప్యూటర్లు బాగుచేయడం. హైటెక్ సిటీలో ఓ కంపెనీ సపోర్ట్ టీమ్‌లో ఉన్నాను. మిషన్ చెడిపోయిందంటే దానికో కారణం ఉంటుంది, దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదన్నమాట. ఇప్పటికీ నా మాట అదే, ఒక్క విషయంలో తప్ప.

పద్మజ గారు మా కంపెనీలోనే టెస్టింగ్ టీమ్‌లో పనిచేస్తారు. యాభై దాటిన మనిషి, భీమవరం వైపు వాళ్లు, మణికొండలో అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. షుగర్ ఉంది, ఇన్సులిన్ మీద నడుస్తున్నారు కాబట్టి ఇంటినుంచే పనిచేయడానికి కంపెనీ ఒప్పుకుంది. భర్త ప్రసాదరావు గారు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. ఎండాకాలంలో గుండెపోటుతో పోయారు. పిల్లలు లేరు.

వానలు మొదలయ్యాక ఆవిడ దగ్గర్నుంచి కంప్లైంట్ వచ్చింది. లాప్‌టాప్ ఉన్నట్టుండి నీలం తెర చూపించి ఆగిపోతోంది. ఆన్ చేస్తే ఓ పట్టాన లేవదు. ఓ అరగంట పోయాక ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. అదీ రోజూ మధ్యాహ్నం ఒంటిగంట దాటాకే, ఆవిడ మీటింగ్‌లో ఉండగానే.

చిక్కేమిటంటే ఆవిడ మాట మేనేజర్ నమ్మలేదు. "ఈమె సిస్టమ్ ఎప్పుడు చూసినా లంచ్ టైమ్‌కే క్రాష్ అవుతది. ఏళ్ల నుంచి ఇదే కథ" అన్నాడు నాతో. పనితీరు బాగాలేదని పైకి రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఈ వయసులో ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరకదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

చేయాల్సినవన్నీ చేశాను. యాంటీవైరస్ స్కాన్ ఆ టైముకే నడుస్తోందేమోనని దాన్ని వేరే టైముకి మార్చాను. ఛార్జర్ మార్చాను. చివరికి లాప్‌టాప్‌నే ఆఫీసుకి తెప్పించి నా బల్ల మీద పెట్టుకున్నాను. నా దగ్గరున్నన్ని రోజులూ బుద్ధిగా పనిచేసింది. తిరిగి పంపిన రోజే మధ్యాహ్నం మళ్లీ పడిపోయింది. నాకు ఒళ్లు మండింది.

క్రాష్ రికార్డులు కూర్చుని చదివితే తీగ దొరికింది. పడిపోయిన ప్రతిసారీ అందులో ఒకటే మాట: డ్రైవ్ కనబడటం లేదు. అంటే ఫైళ్లన్నీ దాచుకునే ఎస్ఎస్‌డీ ఉన్నట్టుండి జవాబివ్వడం మానేస్తోంది. ఆ మోడల్‌కి ఈ జబ్బు ఉందని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారు. కొన్నాళ్లు వాడాక ఇలా ఆగిపోతుందట. మందు కూడా వాళ్లే ఇచ్చారు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్. డ్రైవ్‌ని లోపల్నుంచి నడిపించే చిన్న ప్రోగ్రామ్ అది, కొత్తది ఎక్కిస్తే సరి. రోజూ భోజనం వేళకే ఎందుకన్నదానికి మాత్రం వాళ్ల దగ్గర జవాబు లేదు. నేనూ పట్టించుకోలేదు.

మధ్యలో ఏదైనా తేడా వస్తే డ్రైవే పోతుంది కాబట్టి ఆ పని దూరం నుంచి చేయలేదు. మణికొండ వెళ్లాను. ఫైళ్లన్నీ వేరేచోట భద్రం చేసి, ఛార్జర్ పెట్టి అప్‌డేట్ మొదలుపెట్టాను. తెర మీద గీత మెల్లగా నిండుతోంది. పక్కన నిలబడి చూస్తున్న పద్మజ గారు అప్పుడు చెప్పారు.

"మా మేనేజర్ అన్నదాంట్లో తప్పు లేదండి. ఇన్నాళ్లూ క్రాష్ చేసింది మావారే."

నేను తలెత్తి చూశాను.

"మీటింగ్‌లో పడితే నాకు తిండి గుర్తుండదు. ఇంజెక్షన్ చేసుకుని తినకపోతే ఎలాగని ఆయన గోల. రెండుసార్లు పిలిచేవారు. లేవకపోతే వచ్చి పవర్ బటన్ నొక్కి పట్టుకునేవారు. కరెంటాఫీసు బుద్ధి కదా, చెప్పి చూడటం, తర్వాత ఫ్యూజు పీకడం. సిస్టమ్ క్రాష్ అయిందని నేను ఆఫీసులో చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఇది ఆగినప్పుడల్లా లేచి వెళ్లి తినేస్తున్నానండి."

నవ్వుతూనే చెప్పారు. నాన్నా పులి కథ అయిందన్నమాట ఈవిడ పని, అనుకున్నాను. అంతకుమించి నా బుర్రకి తట్టలేదు. అప్‌డేట్ పూర్తయ్యాక, "ఇగ ఫికర్ చేయకండి మేడం, మళ్ల క్రాష్ కాదు" అన్నాను.

"ఇక అస్సలు అవ్వదాండీ?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. బాగుపడినందుకు సంతోషం ఆవిడ మొహంలో నాకు కనబడలేదు.

నిజంగానే క్రాష్‌లు ఆగిపోయాయి. మేనేజర్ చల్లబడ్డాడు. నేను కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

కొన్నాళ్లకి ఓ మధ్యాహ్నం జరిగింది ఇది. మా టీమ్ ముందు గోడకి పెద్ద తెర ఉంటుంది. ఇళ్లల్లో ఉన్న కంపెనీ లాప్‌టాప్‌లన్నీ అందులో పచ్చ చుక్కల్లా కనిపిస్తాయి. ఏదైనా పడిపోతే ఆ చుక్క ఎర్రబడుతుంది. నేను డబ్బా తెరిచి అన్నం కలుపుకుంటుంటే పద్మజ గారి చుక్క ఎర్రబడింది. కింద పాత మాటే: డ్రైవ్ కనబడటం లేదు. పక్కనే ఉన్న మా టీమ్ కుర్రాడు శ్రీకాంత్‌కి చూపించి ఆ డ్రైవ్‌ని తిట్టాను.

"గదేంది అన్నా, అప్‌డేట్ చేసినవ్ గద" అన్నాడు వాడు.

ఆవిడకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. లాప్‌టాప్ ఆగిపోయిన మనిషి ఫోనైనా ఎత్తాలి కదా అనుకుంటుండగా ఆ ఇంజెక్షన్ మాట గుర్తొచ్చింది. కలిపిన అన్నం పక్కకి నెట్టేశాను. అప్‌డేట్‌కి వెళ్లిన రోజు గేటు దగ్గర వాచ్‌మన్ యాదయ్య నంబరు తీసుకున్నాను. అతని భార్య లక్ష్మమ్మే పద్మజ గారింట్లో పనిచేస్తుంది, ఆమె దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుంది. యాదయ్యకి ఫోన్ చేసి ఇద్దరినీ పైకి వెళ్లి చూడమన్నాను.

కాసేపటికి అతనే ఫోన్ చేశాడు. "సార్, మేడం కుర్చీలకెళ్లి కింద పడిపోయిన్రు. ఒళ్లంత చెమటలు, పిలిస్తె పలుకుతలేరు. పక్కింటోళ్లు కారు తీస్తున్రు, దవాఖానకు తీస్కపోతున్నం."

బతికారు. ఇంజెక్షన్ చేసుకుని మీటింగ్‌లో కూర్చుండిపోయారు, షుగర్ బాగా పడిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్ అన్నారట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. రోజూ ఆవిణ్ణి కుర్చీలోంచి లేపుతున్నదాన్ని బాగుచేసి ఆపేసింది నేనే.

మర్నాడు మేనేజర్ చెప్పిన మాటతో అసలు భయం పట్టుకుంది. ముందురోజు ఆవిడ మీటింగ్‌లోంచి తప్పుకోనేలేదట. పిలిస్తే పలకలేదు గానీ, అందరూ వెళ్లిపోయాక కూడా ఆవిడ పేరు అలాగే ఉందట. పడిపోయిన లాప్‌టాప్ మీటింగ్‌లో ఎలా ఉంటుంది?

లాప్‌టాప్ తెప్పించి రికార్డులు చూశాను. ఆ రోజు క్రాష్ లేదు. పొద్దున ఆన్ చేసింది సాయంత్రం దాకా ఆగకుండా నడిచింది. డ్రైవ్ ఒక్క క్షణం కూడా తప్పిపోలేదు. మా గోడ మీది తెర తాలూకు పాత వివరాలు తీశాను. వాటిలోనూ ఆ మధ్యాహ్నమంతా ఆవిడ చుక్క పచ్చగానే ఉంది. నా కళ్లే మోసపోయాయని సరిపెట్టుకుందామంటే శ్రీకాంత్ ఒప్పుకోడు. "నేను గూడ చూసిన అన్నా, ఎర్రగనే ఉండె" అంటాడు.

నెట్ తెగిందేమో, ఇంకో లాప్‌టాప్ పేరు ఇందులో కలిసిందేమో, అన్నీ వెతికాను. ఏదీ నిలబడలేదు. ఫర్మ్‌వేర్ గురించి ఏమడిగినా చెప్తాను గానీ ఆ ఎర్రచుక్క కారణం మాత్రం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. మనసులో అదో ముల్లులా ఉండిపోయింది.

ఆవిడ కోలుకున్నాక లాప్‌టాప్ ఇవ్వడానికి నేనే వెళ్లాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆవిడ లాప్‌టాప్ అందుకుని బల్ల మీద పెట్టారు. తర్వాత అడిగారు.

"పాత ఫర్మ్‌వేర్ మళ్లీ వేయడానికి వీలవుతుందాండీ?"

"కాదు మేడం. కొత్తది ఎక్కినంక పాతదాన్ని ఈ డ్రైవ్ తీసుకోదు."

తలూపి, లాప్‌టాప్ తెరిచి మెయిల్స్ ముందు కూర్చున్నారు. వంటింట్లో లక్ష్మమ్మ కుక్కర్ దించింది. ఒంటిగంట దాటింది. ఆవిడ మెయిల్స్ చదవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. నేనూ ఆ తెర వంకే చూస్తున్నాను. ఒక మిషన్ ఆగిపోవాలని ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ కోరుకోలేదు. ఆ రోజు కోరుకున్నాను.

అది ఆగలేదు. ఆవిడ ఇంకాసేపు చూసి, "ఇక నేనే లేవాలి కాబోలు" అని లేచారు.