కిటికీకి కట్టిన తడి దుప్పటి

అక్క పోయిన మూడో రోజు ఎవరో ఆమె గది కిటికీ మూశారు. చూడవచ్చినవాళ్లలో ఒకరు ఎండ పడుతోందని మూసి ఉంటారు. నేను లేచి వెళ్లి తెరిచాను. అక్క ఏ ఇంట్లో ఉన్నా, జల్లు లోపలికి కొడితే తప్ప తన గది కిటికీ మూయనిచ్చేది కాదు. చలికాలంలో కూడా అంతే. అడిగినవాళ్లకు "గాలి రావాలె గద" అని మాత్రం చెప్పేది. అసలు కారణం తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.

1948, నిజాం రాజ్యం మీద పోలీసు చర్యకు ముందు రోజులవి. నాకు పదమూడేళ్లు. మెదక్‌లో మా గల్లీ అప్పటికే సగం ఖాళీ అయింది. రజాకార్ల భయానికి కొందరు సరిహద్దు దాటి పోయారు, కొందరు నర్సాపూర్ అడవి దిక్కు చుట్టాల ఊళ్లకు పోయారు. మేం పోలేకపోయాం. అక్కకు నెలలు నిండాయి. బండి కుదుపులకు తట్టుకోదని నాయనమ్మ అన్నది. బావ అల్లాదుర్గ్ దగ్గర తన ఊళ్లో చిక్కుకున్నాడు. మా అమ్మ అంతకు మూడేళ్ల ముందే చనిపోయింది. ఇంట్లో ఉన్నది నాయన, నాయనమ్మ, అక్క, నేను.

నాయన బడిపంతులు. సాయంత్రాలు అరుగు మీద కూర్చొని నలుగురికి నిషేధించిన పత్రికలు చదివి వినిపించేవాడు. అది నేరమని ఆయనకు తెలుసు. పట్టుకుపోవలసినవాళ్ల పేర్లలో ఆయన పేరు కూడా ఉందని కచేరీలో గుమాస్తాగా పనిచేసే పక్కింటి సాయిబు చెప్పాడు. ఆయన భార్యను మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. ఉపాయం చెప్పింది ఆమే. గల్లీలో ఖాళీ ఇళ్లన్నిటికీ తాళాలున్నాయి. మా ఇంటికీ తాళం పడితే, మేమూ పోయామనుకుంటారు.

అలా ఒక పొద్దున ఖాలా మా తలుపుకు బయటి నుంచి తాళం పెట్టింది. మేం లోపలున్నాం. రెండు ఇళ్ల పెరళ్ల మధ్య గోడలో ఒక దిడ్డి ఉండేది. మనిషి వంగి దూరేంత చిన్న తలుపు. అందులోంచి తల పెట్టి ఖాలా నాయనమ్మతో చెప్పింది.

"పెద్దమ్మా, తాళంచెవి నా నడుముకే ఉన్నది. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆమె వెళ్లాక నాయనమ్మ దిడ్డి తలుపు మూసింది. "మన ఇంటి చెవి ఆళ్ల నడుముకున్నది" అన్నది నాయనతో.

"మన నడుముకుంటె తలుపు బయటికెల్లి ఎవరు పెడ్తరమ్మా?" అన్నాడు నాయన.

పగలు పెరట్లోకి పోవడానికి లేదు. గుట్ట మీద ఖిల్లా ఉంది. అక్కడ నిలబడితే ఊళ్లో అందరి పెరళ్లూ కనిపిస్తాయి. పైన తుపాకులతో మనుషులున్నారని అందరికీ తెలుసు. నీళ్లు తెల్లవారకముందే ఖాలా బావి నుంచి తెచ్చుకునేవాళ్లం. వంట కూడా అప్పుడే. ఖాలా పొయ్యి వెలిగించిన వెంటనే నాయనమ్మ వెలిగించేది. రెండు పొగలు కలిసి ఒక్క ఇంటి పొగలా పోయేవి. వెలుతురు వచ్చాక పొయ్యి ఆర్పి తలుపులు, కిటికీలు మూసేవాళ్లం.

అప్పుడు మొదలైంది ఉక్క. చవితికి ముందు పడ్డ వానలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. భూమిలో ఉన్న తడినంతా ఎండ పైకి లాగుతోంది. ఎండాకాలం మాకు కొత్త కాదు. ఆ ఎండ పొడిగా ఉంటుంది, చెమట పట్టినా ఆరుతుంది. ఇది ఆరేది కాదు. ఉప్పు జాడీలో నీరైంది. అగ్గిపుల్లలు గీస్తే మెత్తగా విరిగిపోయేవి. నాయన పుస్తకం అట్టకు బూజు పట్టింది. ఆయన చొక్కా లేకుండా గోడకు ఆనుకొని ఆ పుస్తకమే పట్టుకొని కూర్చునేవాడు. ఒకరోజు మధ్యాహ్నమంతా ఒక్క పేజీ కూడా తిప్పలేదు. నేను బండల మీద పడుకొని, కింద బండ వేడెక్కగానే పక్క బండ మీదికి జరిగేదాన్ని. అలా జరుగుతూ గోడ దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చేదాన్ని. మెడ మీద, నడుం మీద చెమటకాయలు లేచాయి. గోకితే రక్తం వచ్చేది. విసనకర్ర ఊపితే చప్పుడవుతుందని నాయనమ్మ దాని అంచుకు పాత గుడ్డ చుట్టి కుట్టింది. తడిసి బరువెక్కిన విసనకర్రతో వంతులవారీగా అక్కకు విసిరేవాళ్లం.

ఐదో రోజు తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. దిడ్డిలోంచి వచ్చిన మంత్రసాని దిడ్డిలోంచే వెళ్లిపోయింది. అక్క నొప్పులు పడ్డంతసేపూ నోట్లో గుడ్డ కుక్కుకుంది. ఎవరూ కుక్కుకోమని చెప్పలేదు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. మా ఇళ్లలో బాలింతను మూసిన గదిలో ఉంచి, మంచం కింద కుంపటి పెడతారు. చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ కడతారు. గాలి తగలకూడదు, నీళ్లు ఎక్కువ తాగకూడదు. ఆ కుంపటి కోసం నాయనమ్మ పిడకలు విరుస్తుంటే నాయన చేయి పట్టుకున్నాడు.

"పగటిపూట పొగ లేస్తె అందరం పోతం."

"సెగ లేకుంటె బాలింత పానం ఎట్ల గట్టిపడ్తదిరా? నిన్ను కన్నప్పుడు ఇరువై ఒక్క దినాలు కుంపటి ఆరలే."

"అప్పుడు గుట్ట మీద తుపాకులు లేవు గదమ్మా."

"తుపాకి ఒక్కపారి చంపుతది. వాతం దినాం చంపుతది."

చివరికి ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. ఇస్త్రీపెట్టె కోసం ఉంచిన బొగ్గులు ఒక గోనెసంచి ఉన్నాయి. బొగ్గు రాజుకున్నాక పొగ రాదు. తెల్లవారకముందే రాజేసి, పొగ పోయాక లోపల పెడితే నాయన భయమూ తీరుతుంది, నాయనమ్మ మాటా నిలబడుతుంది. పొగ లేదు కాబట్టి గదికి ఎక్కడా సందు కూడా అక్కర్లేదనుకున్నాం. గల్లీ వైపు కిటికీ రెక్కల మధ్య సందులో నేనే పాత గుడ్డలు కుక్కాను.

అక్కకు నొసటి నుంచి చెమట కారుతూనే ఉండేది. "తల పగుల్తున్నదే" అని నాతో అన్నది. నాయనమ్మకు చెప్పాను. "బాలింత తల గట్లనే ఉంటది" అని ఇంకో గుడ్డ బిగించింది. పిల్ల మొదటి రెండు రోజులూ ఏడ్చింది. ఏడ్చిన ప్రతిసారీ మేం ముగ్గురం తలుపు వైపు చూసేవాళ్లం. మూడో రోజు మధ్యాహ్నానికి పిల్ల ఏడవడం మానేసింది. మాకు సంతోషమైంది. నాయనమ్మ దేవునికి దండం పెట్టుకుంది. ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

విసరడానికి నా వంతు వచ్చి లోపలికి వెళ్లాను. అక్క కళ్లు సగం తెరిచి ఉన్నాయి. "అక్కా" అన్నాను. పలకలేదు. చేయి ఎత్తి వదిలితే మంచం మీద పడింది. పిల్ల పెదవులు తెరుచుకొని ఉన్నాయి. నాకూ గుమ్మంలోనే తల తిరిగింది.

అదే సమయానికి గల్లీలో బూట్ల చప్పుడు వినిపించింది. తాళాలు పట్టి గుంజి చూస్తూ ఇల్లిల్లూ వస్తున్నారు. నేను హాల్లోకి వచ్చి "అక్క పలుకుతలేదు" అన్నాను. నాయన నా నోరు మూశాడు. ఆయన చేయి తడిగా ఉంది. మా తలుపు తాళం రెండుసార్లు గుంజిన చప్పుడు వచ్చింది. లోపల ఎవరున్నారని ఒక మగగొంతు ఉర్దూలో అడిగింది. పక్క గుమ్మం నుంచి ఖాలా గొంతు వినిపించింది.

"తాలా దిఖ్తా నై?"

తాళం కనపడడం లేదా అని గదిమి, ఈ ఇంటివాళ్లు పోయి నెల దాటిందని, తాళంచెవి వెంట తీసుకుపోయారని, పోతూ పోతూ తన రోలు కూడా ఎత్తుకుపోయారని, కనపడితే తనకు కూడా కబురు చేయమని చెప్పింది. వాళ్లలో ఒకడు నవ్వాడు. బూట్ల చప్పుడు పక్కకు జరిగింది.

నాయన చేయి విదిలించుకొని గదిలోకి పరుగెత్తాను. గుడ్డలు పీకి కిటికీ గడియ తీశాను. నాయన వెనక నుంచి నా జడ పట్టుకున్నాడు. అప్పటికే ఒక రెక్క లోపలికి వచ్చేసింది. తడికి ఉబ్బిన చెక్క గట్టిగా కిర్రుమంది. ఊచల అవతల, తన గుమ్మంలో ఖాలా నిలబడి ఉంది. ఆమె నన్ను చూసింది. మూడిళ్ల అవతల ఖాకీ బట్టలు కనిపిస్తున్నాయి. వాళ్ల వీపులు మా వైపున్నాయి.

ఖాలా పరుగెత్తలేదు. గుమ్మంలో గంగాళంలో నానబెట్టిన దుప్పటి ఎత్తుకొని, పిండకుండానే మా కిటికీ దగ్గరికి నడిచింది. ఆరేసుకుంటున్నట్టుగా ఊచలకు దాన్ని పరిచి, పై అంచు రెండు కొసలూ కట్టింది. గది చీకటైంది. కానీ గాలి వస్తోంది. తడి దుప్పటిలోంచి వచ్చే గాలి చల్లగా ఉంది. ఎన్నో రోజుల తర్వాత అది మొదటి చల్లని గాలి.

"నీళ్లు తాపుండ్రి" అన్నది దుప్పటి అవతల నుంచి, పెదవులు కదలనట్టుగా. "కుంపటి బయట పెట్టుండ్రి."

నాయన కుంపటి ఎత్తి పెరటి వైపు తీసుకుపోయాడు. నేను అక్క తలగుడ్డ విప్పి, చెవుల్లో దూది తీసి, ముఖం మీద నీళ్లు చల్లాను. నాయనమ్మ అడ్డం రాలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకొని దుప్పటి దగ్గర కూర్చుంది. కొంతసేపటికి పిల్ల ఒక్కసారిగా ఏడ్చింది. ఆ ఏడుపు గల్లీ చివరిదాకా వినిపించే ఉంటుంది. వెంటనే ఖాలా తన మేకను తిట్టడం మొదలుపెట్టింది. దాని తల్లిని, దాన్ని అమ్మినవాణ్ని, అది తిన్న గడ్డిని కూడా వదలకుండా, పిల్ల ఊరుకునేదాకా తిట్టింది. ఆ మేక పాపం అరుస్తూనే ఉంది. అక్క కళ్లు తెరిచి, "ఎవర్ని తిడ్తున్నదే" అని అడిగింది.

ఆ దుప్పటి అలాగే ఉంది. ఆరినప్పుడల్లా ఖాలా చెంబుతో నీళ్లు కుమ్మరించి పోయేది.

కొన్ని రోజులకు భారత సైన్యం వచ్చింది. ఖాలా వచ్చి మా తాళం తీసి, చెవిని తాళానికే ఉంచి నాయనమ్మ చేతిలో పెట్టింది. నాయన అక్కను మిషన్ దవాఖానకు తీసుకుపోయాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన నర్సు దొరసాని అంతా విని, పొగ లేని బొగ్గే ఎక్కువ ప్రమాదమని, మూసిన గదిలో దాని విషగాలి కంటికి కనపడదని, ఇంకొంచెం సేపు ఆగితే తల్లీబిడ్డ ఇద్దరూ దక్కేవాళ్లు కారని చెప్పింది. నాయనమ్మ నమ్మలేదు. దొరసాని ఆమె పక్కన కూర్చొని, బైబిలు చదివి నేర్చుకున్న తెలుగులో చెప్పింది.

"మా దేశములో కూడా వేసవిలో నాలుగు దినములు ఇట్లే చెమట పట్టును అమ్మా. ఇండ్లు చలి కొరకు కట్టినవి. గాలి తగిలిన జబ్బు వచ్చునని మా తల్లి కిటికీ తెరువనియ్యదు."

"చూసినవా" అన్నది నాయనమ్మ నా వైపు తిరిగి. "ఆళ్ల తల్లికి గూడ తెలుసు."

మేం ఇంటికి వచ్చేసరికి గల్లీలో జనం ఉన్నారు. పోయినవాళ్లు కొందరు తిరిగొచ్చారు. అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి. ఖాలా తలుపు మూసి ఉంది. కిటికీ మూసి ఉంది. గుమాస్తాను వెతుకుతున్నారని ఎవరో చెప్పారు. ఆయన రజాకారు కాదని అందరికీ తెలుసు. ఆ రోజుల్లో అది సరిపోయేది కాదు.

సాయంత్రం దిడ్డి మీద మెల్లగా కొట్టిన చప్పుడైంది. ఖాలా లోపలికి రాలేదు. వంగి, చేయి మాత్రం ఇటు పెట్టింది.

"పెద్దమ్మా, ఆ తాళం ఇప్పుడు మా దర్వాజకు పెట్టుండ్రి."

నాయనమ్మ తాళం తీసుకొని గల్లీలోకి వెళ్లి పెట్టి వచ్చింది. చెవి తన నడుముకు కట్టుకుంది. ఉక్క ఇంకా తగ్గలేదు. ఆ రాత్రి వాళ్లింట్లో నుంచి ఏ చప్పుడూ రాలేదు. మరునాడు మధ్యాహ్నం అక్క మంచంలోంచి అడిగింది.

"నాయనమ్మా, ఆళ్ల కిటికీ తెరిచి ఉన్నదా, మూసి ఉన్నదా?"

"మూసి ఉన్నది."

అక్క ఊచలకు కట్టిన దుప్పటి వైపు తిరిగి పడుకుంది. నాయనమ్మ పెట్టెలోంచి మా దుప్పటి ఒకటి తీసి, బొక్కెనలో ముంచి, నీళ్లు కారుతుండగానే బయటికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. ఖాలా కిటికీ మీద వేలితో కొట్టి, "తెరువు బీబమ్మా, నేనే" అన్నది. రెక్క లోపలికి పోగానే దుప్పటి పరిచి కొసలు కట్టింది. గాలి తగిలితే వాతం చేస్తుందని జీవితమంతా నమ్మిన మనిషి ఆమె.

కడుతుండగానే కర్రలు పట్టుకొని నలుగురు కుర్రవాళ్లు వచ్చారు. వాళ్లలో ఇద్దరు నాయన దగ్గర చదువుకున్నవాళ్లే.

"అవ్వా, లోపల ఎవరున్నరు?"

"తాళం కనపడ్తలేదా?" అన్నది నాయనమ్మ. "కండ్లు పోయినయా?"

"మరి దుప్పటి ఎవరిది?"

"నాది. మా ఇంట్ల బాలింత ఉన్నది, దినాం పది గుడ్డలు. ఆరేసుకునేతందుకు మీ ఇంటికి రావాల్నా?"

వాళ్లు నవ్వలేదు. ఒకడు తాళం గుంజి చూశాడు. నాయనమ్మ చేయి నడుము మీద ఉంది. నేను దాన్ని చూడకుండా ఉండడానికి గుట్ట వైపు చూశాను. కాసేపటికి వాళ్లు పోయారు.

పన్నెండు రోజులు తాళం అలాగే ఉంది. దుప్పటి తడపడం నా పని. పన్నెండో రోజు వాన పడింది. ఆ తర్వాత గుమాస్తా తనంతట తానే వెళ్లి సైన్యానికి లొంగిపోయాడు, రెండు నెలలకు విడుదలయ్యాడు. ఉద్యోగం మాత్రం పోయింది. వాళ్లు ఇల్లు వదిలి హైదరాబాదు వెళ్లిపోయారు. వెళ్లే హడావిడిలో దుప్పట్లు మారిపోయాయి. వాళ్లది మా దగ్గర ఉండిపోయింది.

అక్కకు ఆ ఏడాది ఎడమ చెవి వినికిడి తగ్గింది. కిటికీ గాలి వల్లనేనని నాయనమ్మ చనిపోయేదాకా నన్ను తిట్టింది. అక్క నవ్వేది. "ఒకటి పోతె పోనీ. నీ తిట్లు వినెతందుకు రెండోది ఉన్నది గద" అనేది.

అక్కను తీసుకుపోయే రోజు ఆ పిల్లే, ఇప్పుడు అరవై దాటిన మనిషి, తల్లి పెట్టె తెరిచి మీద కప్పడానికి దుప్పటి వెతికింది. అడుగున ఒక పాతది దొరికింది. ఇది పనికిరాదు, చిరిగింది అని పక్కన పెట్టబోయింది. అదే కప్పమన్నాను.