వణకని బిడ్డ

దుబాయ్‌లో మాకు వారపు సెలవు శుక్రవారం. ఆ రోజే బర్ దుబాయ్‌లోని మా ఫ్లాట్‌లో తెలుగువాళ్లం ప్రార్థనకు కూడుకునేవాళ్లం. ఎనభైల మొదట్లో ఒక ఆగస్టు శుక్రవారం, మా సంఘంలోని ఒక అమ్మాయి తన తొలిచూలు బిడ్డను దేవునికి ప్రతిష్ఠించడానికి తెచ్చింది. నెల తక్కువ బిడ్డ. పుట్టి మూడు వారాలు. తలకు పోసి, జుట్టు ఆరకుండానే తెచ్చింది. సాంబ్రాణి వేసి ఆరబెట్టడానికి ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు.

వచ్చేవాళ్లు ఉక్కకు అల్లాడతారని నేను పొద్దుటినుంచీ ఏసీ పూర్తిగా పెట్టి ఉంచాను. బిడ్డ ఒడినుంచి ఒడికి మారింది. పాటలకు కూడా లేవలేదు.

"బుద్ధిమంతురాలు. మా ఆయన ప్రసంగంలో పడుకుంటే గురక కూడా పెడతాడు" అంది ఒకావిడ. అందరం నవ్వాం. అంత నెమ్మదిగల బిడ్డనిచ్చినందుకు నేను దేవునికి స్తోత్రం చెప్పాను.

"ఇందాకట్నుంచి పాలు తాగట్లేదు ఆంటీ" అంది తల్లి మెల్లగా.

"లేచాక తాగుద్దిలే" అన్నాను.

మా సంఘంలోనే ఒక నర్సు ఉండేది. డ్యూటీ దిగి ఆలస్యంగా వచ్చి, బిడ్డ పాదం పట్టుకుంది. చొక్కా ఎత్తి పొట్ట తాకింది.

"ఏసీ ఆపండి ఆంటీ. బాల్కనీ తలుపు తియ్యండి. ఒళ్లు చల్లబడిపోయింది."

"చలేస్తే వణకదా?"

"వణికి వేడి పుట్టించుకునేది మనం. ఇంత పసిగుడ్డుకి వణుకు రాదు. ఊరికే చల్లబడిపోద్ది."

పాస్టరుగారు మగవాళ్లను వంటింట్లోకి తీసుకెళ్లి మోకరించారు. నర్సు బిడ్డ తల తుడిచి, బట్టలు విప్పి, తల్లి గుండెలకు ఆనించింది. నేను శాలువా కప్పాను. బాల్కనీలోంచి వడగాలి కొట్టింది. అందరికీ చెమటలు కారాయి, ఎవరూ కదల్లేదు.

"నా ఒంటి వేడి సరిపోద్దా?" అంది తల్లి.

"సరిపోద్ది. నువ్వు కదలకు."

ప్రవక్త చనిపోయిన బిడ్డమీద పడుకుంటే ఆ ఒళ్లు వెచ్చబడిందని బైబిల్లో ఎన్నిసార్లు చదివానో. నా ఇంట్లో బిడ్డ ఒళ్లు తాకి చూడాలని మాత్రం నాకు తోచలేదు. ప్రభువా, నా తప్పుకు ఈ బిడ్డను తీసుకోవద్దని వేడుకున్నాను.

చాలాసేపటికి తల్లి ఉలిక్కిపడింది. "గోళ్లతో గీరుతోంది."

"గీరనీ" అంది నర్సు. "పాలు పట్టి చూడు. తాగినా సరే, ఆసుపత్రికి వెళ్దాం."

టాక్సీలో అద్దాలు దించమని డ్రైవరుకు హిందీలో చెప్పి నేనూ ఎక్కాను. దారంతా ఆ అమ్మాయిని క్షమించమని అడుగుతూనే ఉన్నాను. ఆమె శాలువాలోకి చూసుకుంటూ, "ఇంకా తాగుతోంది ఆంటీ" అంది.