ఆషాఢంలో పండిన చేతులు

ఇవాళ మధ్యాహ్నం మా ఆవిడ మిక్సీలో గోరింటాకు రుబ్బింది. ఆ పచ్చి వాసన వంటింట్లోంచి ముందుగదిలోకి రాగానే నేను చెప్పులేసుకుని బయటికి నడిచాను. ఏటా ఆషాఢంలో మా ఇంట్లో ఇదే తంతు. ఈ నెలలో నల్లగొండలో ఏ వీధిలోకి వెళ్లినా ఎర్రటి చేతులే కనిపిస్తాయి కాబట్టి పారిపోవడానికి జాగా కూడా లేదు. పాపం, ఆకు ఏం చేసింది? మా మేనత్త సంగతి తలుచుకున్నప్పుడల్లా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక దాని మీద తెచ్చుకుంటాను.

మేనత్తది చౌటుప్పల్ దగ్గర ఊరు. మామ మగ్గం నేస్తే ఆమె రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆమె తొడలో గడ్డ లేచింది. కండలో పుట్టే క్యాన్సర్ అనీ, చాలా అరుదనీ చెప్పి కోసి తీశారు. మళ్లీ వచ్చింది. ఉన్న మందులకు లొంగలేదు. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో కొత్త మందు ప్రయోగం జరుగుతోందని తెలిసి, వెంటపడి పరీక్షలన్నీ చేయించి ఆమెను అందులో చేర్పించాను. అత్త దాన్ని సర్కారు కొలువు వచ్చినంత గొప్పగా వాడంతా చెప్పుకుంది. "గంతమంది పోతే నన్నే ఏరుకున్నరు" అని. మందుబిళ్లలు దేవుడి గూట్లో పెట్టుకునేది. నిజంగానే గడ్డ తగ్గింది. కాలు చాపుకుని తప్ప కూర్చోలేని మనిషి మళ్లీ మఠం వేసుకుని రాట్నం ముందు కూర్చుంది. మామ మగ్గం దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

అప్పుడొచ్చింది ఆషాఢం. దవాఖానలో కుర్చీల మీద కూర్చున్నాక అత్త గోరింటాకు పెట్టుకున్న రెండు చేతులూ చాపి, "మైదాకు మంచిగ పండింది గదా అల్లుడా" అని మురిసిపోయింది. అరికాళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. లోపల డాక్టరమ్మ చూడగానే తల పట్టుకుంది. ఆ మందు పడనివాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో తోలు ఎర్రబడి ఊడుతుందట. అందుకని ప్రతిసారీ వాళ్లు ముందు చూసేవి అవే.

"ఈ రంగు కింద ఏముందో నాకెలా తెలుస్తుందమ్మా? మంటగా ఉందా?"

"ఏం లేదమ్మా, సల్లగున్నది" అంటూనే అత్త బొటనవేలి పక్కన లేచిన బొబ్బను కొంగులో దాచబోయింది. డాక్టరమ్మ చూడనే చూసింది. అనుమానం ఉంటే మందు ఆపాలన్నది వాళ్ల నియమం. మూడు వారాల్లోగా తోలు బాగుందని తేలితే మళ్లీ ఇస్తారు. లేకపోతే ప్రయోగం నుంచి తీసేస్తారు.

వేరే మందేదీ వాడొద్దని చెప్పారు కదా అని తిరుగు బస్సులో నేను అందరూ వినేలా అరిచాను.

"మైదాకు మందెట్లయితది? ఆషాఢంల అందరు పెట్టుకునేదే గదా" అంది అత్త. కాసేపాగి, కిటికీ వైపు తిరిగి అసలు మాట చెప్పింది. "నెలసంది నిప్పులల్ల పెట్టినట్టు మండుతున్నయి. కండె పట్టుకోవస్తలేదు. చెప్తే తీసేస్తరని భయమై చెప్పలే. మైదాకు సలువ జేస్తది గదా, జర సల్లవడ్తయని పెట్టుకున్న."

మర్నాడు డాక్టరమ్మకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. "ఇప్పుడైతే రంగు పోయి తోలు కనబడందే మళ్లీ ఇవ్వలేం గానీ, మంట అని ముందే చెప్పి ఉంటే మోతాదు కాస్త తగ్గించేవాళ్లమండీ, అంతే. దానికి ఎవరినీ తీసేయరు" అంది. అంతేనట! ఆ ముక్క ముందే ఎందుకు చెప్పలేదు? సంతకం పెట్టించుకునే రోజున గంటసేపు చదివి వినిపించారు, 'కరచరణ చర్మ ప్రతిచర్య' అని. అదేమిటో నాకే అర్థం కాలేదు, కండెలు చుట్టే మనిషికి ఏమర్థమవుతుంది?

ఇక రుద్దుడు మొదలైంది. నిమ్మచెక్క, శనగపిండి, బట్టల సబ్బు. నేను రోజూ ఫోన్ చేసి "పోయిందా?" అని అడగడం, మామ "ఏడ పోతది, పెండ్లినాడు సుత గింత ఎర్రగ పండలే" అని విసుక్కోవడం. గడువుకు ఎరుపు సగం తగ్గింది గానీ, రుద్దీ రుద్దీ తోలు లేచిపోయింది. అది మందు వల్లనో రుద్దడం వల్లనో ఎవరూ తేల్చలేకపోయారు. డాక్టరమ్మ మందు కంపెనీ వాళ్లను బతిమాలింది. వాళ్లు ఒప్పుకోలేదు.

గడ్డ మళ్లీ పెరిగింది. చలికాలంలో ఒక రోజు అత్త మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. అరచెయ్యి తెల్లగా, శుభ్రంగా, ఏ డాక్టరైనా మెచ్చుకునేటట్టు ఉంది. గోళ్ల చివర మాత్రం సన్నటి ఎర్రగీత మిగిలింది.

"ఇప్పుడు సూపెడదామా అల్లుడా, డాక్టరమ్మకు?" అని అడిగింది.

సరేనన్నాను. గడువిచ్చిన ఆ మూడు వారాలు అప్పుడెప్పుడో కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయాయి. ఆ ఎర్రగీత గోరు దాటిపోయేదాకా మాత్రం అత్త బతకలేదు.