అమ్మ ఈదిన చెరువు

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లారితే చాలు, అమ్మ పాత చీర ఒకటి చంకన పెట్టుకుని మమ్మల్ని లేపేది. కొత్తగూడలో మేం కిరాయికి ఉన్న ఇంటి వెనక నాలుగు సీతాఫలం చెట్లు, ఒక పెద్ద బండ... ఆ బండ దిగితే చెరువు.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్ వైపు గుండ్రటి బిల్డింగు ఒకటి లేస్తుంటే ఊరంతా దాని గురించే మాట్లాడుకునేది. మాకు మాత్రం చెరువే లోకం. ఒక పక్క గేదెలు, ఒక పక్క చాపలు పరుచుకుని టిఫిన్ డబ్బాలు విప్పే కుటుంబాలు... బండ చాటున ఉన్న రేవు ఆడవాళ్ళది. అటు మగవాళ్ళు వచ్చేవారు కాదు. ఎవరో రాసిపెట్టిన నియమం కాదు, అలా నడిచిపోయేది అంతే.

మా అమ్మది కోనసీమ. కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో అమ్మ గొంతు పెద్దగా వినపడేది కాదు... ఎవరైనా వస్తే వంటింట్లోంచి బయటికి రావడానికే మొహమాటపడేది. అలాంటిది, చీర గోచీ బిగించి నీళ్ళలో దిగిందంటే నేనెరిగిన అమ్మేనా అనిపించేది. చెరువు మధ్య దాకా వెళ్ళి, వెల్లకిలా తేలుతూ ఆకాశం చూసేది. పిలిచినా పలికేది కాదు. వారం మొత్తంలో అమ్మ మా ఎవరి పనీ చేయని గంట అదొక్కటే.

మా ఇంటి ఓనరు ఎల్లవ్వ యాభై దాటిన మనిషి. ఆ చెరువు ఒడ్డునే పుట్టింది గానీ మోకాళ్ళ లోతు దాటి ఏనాడూ దిగలేదు.

"ఏంది బిడ్డా, చేప లెక్క గట్ల పోతవ్? నాకు జర నేర్పరాదు" అందొక రోజు.

"రండి అత్తయ్యగారూ, భయం లేదు" అని అమ్మ ఆవిడ నడుముకి ఖాళీ నూనె డబ్బా కట్టి దింపింది. రెండు నెలలకి ఎల్లవ్వ డబ్బా లేకుండా పది బారలు ఈదింది... ఆ రోజు కాలనీలో ఆవిడ వెళ్ళి చెప్పని ఇల్లు లేదు. ఆ తర్వాత నేను, పక్కింటి ఆడపిల్లలు... అందరం అమ్మ శిష్యులమే.

ఒక ఆదివారం ఎక్కడి నుంచో కారులో వచ్చినవాళ్ళ పాప తూము దగ్గర కాలుజారి పడిపోయింది. పొలాలకు నీళ్ళు వదిలే చోటు అది, మహా లోతు. అమ్మ తడి చీరతోనే గట్టు వెంబడి పరుగెత్తి, దూకి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. పాప బతికింది. కానీ చూసినవాళ్ళందరూ తమ పిల్లల చేతులు పట్టుకుని ఇళ్ళకి లాక్కెళ్ళారు.

ఆ సాయంత్రమే కాలనీవాళ్ళంతా మా వాకిట్లో కూర్చుని, మున్సిపల్ ఆఫీసుకి అర్జీ పెట్టాలన్నారు. నాన్న గవర్నమెంటు గుమస్తా, దస్తూరి ముత్యాల్లా ఉండేది. రాసే పని ఆయన మీదే పడింది. "చెరువు వల్ల పిల్లలకు ప్రమాదంగా ఉన్నందున వెంటనే కంచె వేయించవలసిందిగా ప్రార్థన" అని రాసి, పైకి చదివి వినిపించారు.

గడప దగ్గర నిలబడ్డ అమ్మ మెల్లిగా అంది, "తూము దగ్గర అని రాయండి."

"వాళ్ళు వచ్చి చూసుకుంటారుగా... ఆమాత్రం తెలియదా వాళ్ళకి" అన్నారు నాన్న.

అందరూ సంతకాలు పెట్టారు. అమ్మా పెట్టింది. ఎల్లవ్వ వేలిముద్ర వేసింది.

నాలుగు నెలల తర్వాత లారీల్లో ఇనుప స్తంభాలు దిగాయి. మేం సంబరంగా చూడ్డానికి వెళ్ళాం. తూము దగ్గర మొదలుపెట్టి... గేదెలు దిగే చోటు, టిఫిన్లు తినే చోటు, మా బండ, మా రేవు... మొత్తం చెరువు చుట్టూ జాలీ బిగించేశారు. గేటుకి తాళం. పక్కన బోర్డు... స్నానం, ఈత నిషేధం అని.

ఎల్లవ్వ జాలీ పట్టుకుని అమ్మ వైపు తిరిగింది. "అడిగినం, ఏసిండ్రు. ఇగ ఎవల్నని ఏం లాభం బిడ్డా... నువ్వు దస్కత్ జేస్తివి, నేను ఏలుముద్ర ఏస్తి" అంది.

నాన్న సెలవు పెట్టి మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళారు. మేం అడిగింది తూము దగ్గర మాత్రమే అని చెబితే, అక్కడి మనిషి ఫైలు తీసి నాన్న రాసిన కాగితమే నాన్న ముందు పెట్టాడట. "ఇందులో తూము ఎక్కడుంది సార్?" అన్నాడట. నాన్న ఇంకో అర్జీ రాశారు, మరొకటి రాశారు... తూము అన్న మాట మూడేసిసార్లు వచ్చేలా. జవాబు రాలేదు.

అమ్మ ఇక ఆదివారం పొద్దున్నే లేచి పప్పు రుబ్బుకునేది. నాకు ఇప్పటికీ కోపమే... అమ్మ మీదో, నాన్న మీదో, నా మీదో తెలియదు. నేనైనా "నీకు చెరువు గుర్తొస్తోందా అమ్మా" అని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడా చెరువు చుట్టూ నడిచే బాట, బెంచీలు, రంగు లైట్లు... చక్కగా ఉంది, కాదనను. నీళ్ళని చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు.

మొన్న మా గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ పూల్‌లో ఈత క్లాసు అయ్యి ఇంటికొచ్చాక, మా అమ్మాయి తల తుడిపించుకుంటూ అమ్మని అడిగింది, "అమ్మమ్మా, నీకు ఈత వచ్చా?"

అమ్మ నవ్వి, తల తుడుస్తూనే ఉంది. పేపరు చదువుతున్న నాన్న తలెత్తకుండానే అన్నారు, "నేను ఆదివారాలు దూరంగా గట్టు మీద నిలబడి చూసేవాణ్ణమ్మా. మీ అమ్మమ్మలా ఈదే మనిషి ఇంకొకరు లేరు. నేనే మాన్పించాను."

ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆ మాట ఎవరైనా పైకి అనడం అదే మొదటిసారి. అమ్మ తువ్వాలు నా చేతికిచ్చి, కాఫీ పెడతానంటూ లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి గానీ రాలేదు.

మీ ఇంటి దగ్గరా ఒక చెరువు ఉండే ఉంటుంది... అందులో మీకు ఈత నేర్పినవాళ్ళూ ఉంటారు. వాళ్ళ గురించి రాయండి, చదవాలని ఉంది. రాసే ముందు ఒక్కసారి వాళ్ళనే అడగండి... చివరిసారి ఎప్పుడు ఈదారని. మా ఇంట్లో ఆ ప్రశ్న ఇప్పటికీ ఎవరమూ అడగలేకపోతున్నాం.