మా ఇంటి దొంగ శేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రాగులు కొలిచి ఇచ్చే పని నాది. కంబదూరు దగ్గర చిన్న పల్లె మాది. నాయన, అమ్మ, జేజి, నలుగురు పిల్లలం, మొత్తం ఏడుగురం. నాయనమ్మను మా వైపు జేజి అంటాం. పిల్లల్లో నేనే పెద్దదాన్ని, అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. చివరి తమ్ముడు ఇంకా నడక నేర్చుకుంటున్నాడు.

పొద్దున రెండు శేర్లు, సాయంత్రం రెండు శేర్లు. పెద్ద బానలోంచి ఇనుప శేరుతో తీసి, పైన అరచేత్తో చదును చేసి, చేటలో పోయాలి. వాటిని అమ్మ తిరగలిలో విసిరి సంగటి చేసేది. ఒక గింజ ఎక్కువా కాకుండా, తక్కువా కాకుండా కొలుస్తానని నాకు గర్వంగా ఉండేది. జేజి పక్కనే కూర్చుని చూసేది. కూలివాళ్ళకు గింజలు కొలవాల్సి వస్తే మాత్రం నన్ను లేపి, గోడకు తగిలించిన ఇంకో శేరు తీసుకుని తనే కొలిచేది. పెద్ద పని కాబట్టి పెద్దవాళ్ళు చేస్తారనుకునేదాన్ని.

మా పొలాలన్నీ వాన మీద ఆధారపడినవే. వేరుశనగ చేతికొచ్చే దాకా ఇంట్లో గింజలు చాలేవి కావు. ప్రతి ఏడూ ఆషాఢమాసంలో బాన అడుగు కనిపించేది. అప్పుడు నాయన కంబదూరు సావుకారి దగ్గరికి వెళ్ళి ఒక మూట రాగులు నాగుకు తెచ్చేవాడు. నాగు అంటే ఒక మూట తీసుకుంటే పంట రాగానే ఒకటిన్నర మూట ఇవ్వాలి. పంట బాగుంటే ఇవ్వవచ్చు. బాగుండకపోతే మిగిలిన బాకీ మీద మళ్ళీ సగం పెరుగుతుంది. అట్లా నాలుగేళ్ళు గడిచేసరికి మా ఎర్రచేను కాగితం తాకట్టుగా సావుకారి పెట్టెలోకి చేరింది. మాకున్న రెండు చేన్లలో కాస్త మేలైనది అదే. అయిదో ఏడు ఆయన నాయనతో ఖండితంగా చెప్పాడు, ఈసారి మూట కావాలంటే ఎర్రచేను తన పేర రాసి ఇవ్వాలని. ఆయన చెడ్డవాడు కాదు. మేం అడిగాం కాబట్టి ఇచ్చాడు, ఇచ్చాడు కాబట్టి అడిగాడు. కానీ ఆ మాట విన్నప్పటినుంచి నాయన సరిగా తినలేదు. చేను పోతే కూలికి వెళ్ళాలి, మూట తేకపోతే పిల్లలు పస్తు ఉండాలి. ఈ రెంటి మధ్య ఆయన నెలరోజులు నలిగాడు.

ఆ ఆషాఢంలోనే మా బడిలో అయ్యవారు కొలతల పాఠం మొదలుపెట్టాడు. మరుసటి రోజు ఇంటి నుంచి ఎవరి కొలపాత్ర వాళ్ళు తెమ్మన్నాడు. నేను ఎవరినీ అడగకుండా, పొద్దున రాగులు కొలిచిన శేరునే సంచిలో వేసుకుని వెళ్ళాను. అయ్యవారి దగ్గర సర్కారు ముద్ర ఉన్న ఇత్తడి శేరు ఉంది. ఒక్కొక్కరి శేరు నిండా ఇసుక పోయించి, దాన్ని ఇత్తడి శేరులోకి ఒంపించి చూపిస్తున్నాడు. అందరివీ అంచు దాకా వచ్చాయి. నా వంతు వచ్చింది. ఒంపాను. పైన వేలెడు మందం ఖాళీ మిగిలింది. మళ్ళీ పోశాను, మళ్ళీ అంతే.

అయ్యవారు ఇత్తడి శేరును తన వైపు తిప్పుకుని చూశాడు. ఈలోగా పక్క వరసలో కూర్చున్న పిల్లాడు లేచి అరిచాడు.

"అయ్యవారూ, వీళ్ళది దొంగ శేరు. సావుకారే మేలు వీళ్ళ కంటే."

బడంతా నవ్వింది. మా ప్రాంతంలో ఒక మనిషిని ఎంత తిట్టినా తుడుచుకుంటారు గానీ, దొంగ కొలత అన్న మాట పడితే తరతరాలు పోదు. నేను శేరు తీసుకుని, పలక కూడా మరచిపోయి, ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను.

సరిగ్గా ఆ వేళకు నాయన వాకిట్లో తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. చేను రాసి ఇవ్వడానికి ఒప్పుకుని, మూట తేవడానికి బయలుదేరుతున్నాడు. అమ్మ పొయ్యి ముందు ఉంది. జేజి చేటలో కందులు చెరుగుతోంది. నేను శేరును నాయన కాళ్ళ ముందు పెట్టి జరిగింది చెప్పాను.

నాయన దాన్ని ఎత్తి లోపల వేలు పెట్టి చూశాడు. కొడవలి మొనతో అడుగు గీరాడు. నల్లటి పెళ్ళ ఒకటి ఊడి వచ్చింది. లక్క. కొడవలికి పిడి బిగించడానికి కరిగించి పోస్తారే, ఆ లక్క. ఎవరో దాన్ని శేరు అడుగున వేలెడు మందం పోసి, బూడిద రుద్ది, ఇనుము రంగులో కలిసిపోయేట్టు చేశారు.

"ఎవరు చేసినారు ఈ పని?" అన్నాడు నాయన.

"నేనేరా," అంది జేజి, చెరగడం ఆపకుండా.

"ఎందుకు చేసినావమ్మా? మిగిలిందంతా నీ కూతురింటికి మోస్తాండావా?"

"మోస్తే మాత్రం ఏం పోయె? ఆయమ్మ కూడా నా కడుపున పుట్టిందే కదా. ముందు ఆ తలగుడ్డ తీసి పక్కన పెట్టు. నిచ్చెన తీస్కరా."

అటక మీద మూడు బానలు ఉండేవి. వాటిలో చింతగింజలు ఉన్నాయని, ముట్టుకోవద్దని జేజి ఎప్పుడూ చెప్పేది. మూతల చుట్టూ పేడతో అలికి ఉండేది. చింతగింజల మీద ఎవరికి ఆశ ఉంటుంది? నాయన ఒక్కో బానా దించాడు. జేజి కత్తిపీట వెనకవైపుతో పేడ పగలగొట్టి మూత తీసింది. పైన ఎండిన వేపాకు. వేపాకు కింద రాగులు. మూడింటిలోనూ రాగులే.

నేను దొంగ శేరు అందుకోబోతే జేజి నా చెయ్యి పట్టుకుంది.

"దాంతో కాదు మే. గోడకుండే మంచి శేరు తీస్కరా. ఇప్పుడు నిజం లెక్క కావల్ల."

నేనే కొలిచాను. నూట పద్ధెనిమిది శేర్లు. సావుకారి మూట కంటే ఎక్కువ.

అప్పుడు జేజి చెప్పింది. దీపావళి పోయిన వారానికి శేరులో లక్క పోసిందట. నేను నాలుగు శేర్లు కొలిచాననుకుంటే నిజంగా చేటలో పడింది మూడున్నర. మిగిలిన అర శేరును రోజూ అందరూ పొలంలో ఉన్నప్పుడు పెద్ద బానలోంచి తీసి అటక మీదికి చేర్చేది. పెద్ద బానలోనే ఉంచితే అది తగ్గకపోవడం మా కళ్ళకు కనిపిస్తుందట.

"కనబడితే ఏమయితాది?" అన్నాడు నాయన.

"ఇంట్లో ఉండాదని మనిషికి తెలిస్తే ఆకలికి కూడా తెలుస్తాదిరా. ఇంకో ముద్ద పెట్టమంటాది. సంతలో ఇంకేదో కొనమంటాది."

అంతవరకూ మాట్లాడని అమ్మ పొయ్యి దగ్గరినుంచే అంది.

"నాకు మొదటి దినమే తెలిసింది లే అత్తా."

జేజి గిరుక్కున అటు తిరిగింది. "యట్ల తెలిసె?"

"ఎసురు అంతే పెడితి. సంగటి జారుగా వచ్చె. కెలికే చేతికి తెలీదా? మరుసటి దినం నుంచి ఎసురు తగ్గించి, పులుసులో ఆకు ఎక్కువ వేస్తాండా. గురుగాకు, చెంచలాకు, చేనుగట్టున ఏది దొరికితే అది. పిల్లోళ్ళు ఒక్కరన్నా ఆకలని ఏడ్చినారా?"

"మరి ఎనిమిది నెలలు ఒక మాటన్నా అడగలేదేమే?"

"నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు."

నాయన ముందు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు విని ఎన్ని నెలలయిందో నాకు తెలియదు గానీ, మా చిన్న తమ్ముడు మాత్రం ఆ శబ్దానికి బెదిరి ఏడ్చాడు.

ఆ మధ్యాహ్నం నాయన కంబదూరు వెళ్ళాడు, మూట వద్దని చెప్పి రావడానికి. చెప్పకుండా ఊరుకోవడం మర్యాద కాదని జేజి పంపించింది. వచ్చాక, ఆ మాటలు మాకు అభినయించి చూపించాడు. సావుకారు తన కళ్ళజోడు పైకి తోసి, "యాడిదప్పా నీకు తిండి? ఆకాశంలో నుంచి రాలిందా?" అన్నాడట. "లేదన్నా, మా అమ్మ అటక మీద నుంచి రాలింది," అన్నాడట నాయన.

నా కోపం మాత్రం తీరలేదు. నన్ను కూడా మోసం చేశావని జేజితో అన్నాను. బడిలో నా పరువు పోయిందని ఏడ్చాను. ఆమె నన్ను బుజ్జగించలేదు. శేరును నిప్పుల దగ్గర వేడి చేసి, లక్క కరిగించి, గీరి శుభ్రం చేసింది. మరునాడు నాతో పాటు బడికి వచ్చి, గడప బయటే నిలబడి, అయ్యవారిని మళ్ళీ కొలవమంది. ఈసారి ఇసుక అంచు దాకా వచ్చింది.

"ఈ శేరుతో బయటోళ్ళకు ఒక్క గింజ కొలవలేదు సామీ," అంది పిల్లలందరికీ వినబడేట్టు. "మా కడుపుకు మేమే తక్కువ కొలుచుకున్న్యాం. అది దొంగతనం అయితే శిక్ష వెయ్యి."

అయ్యవారు లేచి నిలబడ్డాడు. ఒక ముసలామె ముందు మా అయ్యవారు లేచి నిలబడడం మేమెవరమూ అంతకు ముందు చూడలేదు.

అప్పు ఆ ఏడే తీరిపోలేదు. తీరడానికి మూడు పంటలు పట్టింది. కానీ ఆ ఏడు కొత్త మూట రాలేదు కాబట్టి, తిండికి పోగా పండినదంతా పాత బాకీకే పోయింది. ఆ తేడా చిన్నదని చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో అదే అన్నిటికీ మొదలు.

లక్క తీసేశాక జేజి మళ్ళీ మాయ చేయలేదు. ఇక తెలిసే చేయాలంది. కొలిచిన తర్వాత ఇంట్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ తమ పిడికిలితో గింజలు తీసి అటక బానలో వేసేవాళ్ళం. ఎవరి పిడికిలి వాళ్ళదే. మా చెల్లెలి పిడికిట్లో ఇరవై గింజలు కూడా పట్టేవి కావు, అయినా లెక్కే. సంతకు ఖాళీ కడుపుతో వెళ్ళకూడదని ఇంకో నియమం. సంగటి తిని వెళితే బజ్జీల వాసన అంత దూరం నుంచి పిలవదు. ఏదైనా వస్తువు మీద మనసు పడితే ఆ వారం కొనకూడదు. పై సంతకు కూడా గుర్తుంటే కొనుక్కోవచ్చు. నాయన ఒక కంబళి కోసం మూడు సంతలు ఆగి, నాలుగోసారి కొన్నాడు. నేను గాజుల సంగతి రెండో వారానికే మరచిపోయాను.

బాకీ ఎంత ఉందో సావుకారికి ఒక్కడికే తెలిస్తే అది తీరదని కూడా జేజి అనేది. ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ప్రతి ఆదివారం నాయన చెబుతుంటే ఎంత ఇచ్చాం, ఎంత మిగిలింది అని ఒక పుస్తకంలో రాసేదాన్ని. నా మొదటి డైరీ అదే. మూడో పంట తర్వాత సావుకారి చెప్పిన లెక్క, నా పుస్తకంలో లెక్క ఒకటే అయ్యాయి. ఎర్రచేను కాగితం నాయన చేతికి వచ్చింది. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి, అమ్మకు ఇచ్చి, పట్టపగలు చాప వేసుకుని పొద్దుగుంకే దాకా నిద్రపోయాడు. ఎవరమూ లేపలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, నేను గుమాస్తా ఉద్యోగం నుంచి రిటైరైన కొన్నేళ్ళకు, రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన కరువులో, ఆ చిన్న తమ్ముడే అనంతపురంలో మా ఇంటికి వచ్చాడు. మూడు బోర్లు వేయించాడు. మూడింట్లోనూ దుమ్మే వచ్చింది. నాలుగో బోరుకు అప్పు పుడుతుందట, నన్ను జామీను సంతకం పెట్టమన్నాడు.

"ఈ తూరి నీళ్ళు పడతాయక్కా. నీళ్ళ జాడ చూసినోడు గట్టిగా చెప్పినాడు."

"మూడు తూర్లూ గట్టిగానే చెప్పినాడు కదప్పా," అన్నాను.

సంతకం పెట్టలేదు. వాడికి కోపం వచ్చింది, కాఫీ కూడా తాగకుండా లేచాడు. మరుసటి వారం నేనే పల్లెకు వెళ్ళి, వాణ్ణీ మరదల్నీ కూర్చోబెట్టి, ఎవరికి ఎంత ఇవ్వాలో అన్నీ ఒక కాగితం మీద రాయించాను. మరదలు అప్పటికే పొదుపు సంఘంలో వారానికి పది రూపాయలు కడుతోంది. ఆ సంగతి వాడికి తెలియదు. తను చెప్పలేదు, వాడు అడగలేదు. వాడు ఆ పాసుపుస్తకం తిప్పి తిప్పి చూసి, చివరికి నాలుగో బోరు మాట మానుకున్నాడు. సంఘంలో తక్కువ వడ్డీకి తీసుకుని, ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చారు. రెండు మేకలు నాలుగయ్యాయి. అయిదేళ్ళు పట్టింది. ఒక ఉదయం ఫోను మోగింది. "అక్కా, కడాది, ఆ చివరి బాకీ కూడా కట్టేసినా," అన్నాడు. ఆ పాత కాగితం తీసి, ఎవరికి ఎంత కట్టాడో మొదటినుంచీ చదివి వినిపించాడు. ఆ నిమిషాలకు కూడా ఫోను బిల్లు పడుతుందని ఇద్దరికీ తెలుసు, అయినా పెట్టేయలేదు.

ఇప్పుడు మా వీధిలో ఎవరైనా వచ్చి అప్పుల్లో ఉన్నామని చెబితే, ఎంత అని నేను వెంటనే అడగను. ఎందుకు చేశారని అసలే అడగను, మా జేజి నాయనను ఏనాడూ అడగలేదు. ఈ నెల కొత్తగా ఏమైనా తీసుకున్నారా అని మాత్రం అడుగుతాను. లేదని చెబితే, వాళ్ళకింకా తెలియకపోయినా, ఆ ఇల్లు గట్టెక్కడం మొదలుపెట్టిందని నాకు తెలుస్తుంది. నా మనసు తేలికపడుతుంది.